బొల్లి పాలు తాగిన పిల్లలు

చండ్రుగొండ దగ్గరి నుంచి,
ఆదివారం

తమ్ముడు వీరన్నకు అక్క దీవెనలు. అమ్మ పాదాలకు నా దండాలు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? మరదలు, పిల్లలు బాగున్నారని అనుకుంటున్నాను. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. ఈ ఉత్తరం మీ బావ చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఇందులో ఉన్నది ఆయన నోట రాదు. నేను ఫోనులో చెప్పబోతే అడవి పక్కన సగం మాట తెగిపోతుంది. నిదానంగా చదువు. తరువాత అక్కడి పశువుల డాక్టరుకు చూపించు.

రెండు నెలల కిందటి ఒక పొద్దుట జరిగింది ముందు చెబుతాను. రాత్రి కురిసిన వాన తెల్లారేసరికి ఆగింది. మల్లన్న పటం ముందు దీపం పెట్టి దొడ్లోకి పోయాను. తడిసిన పెంట పారతో గీకి మూలకు ఎత్తాను. మీ బావ ఒరిగిన దడి సర్దుతున్నాడు. అంతకు ముందు నెలలోనే రెండు గొర్రెలు మేత మేస్తూనే ఎండిపోయి చచ్చిపోయాయి. వాటి పిల్లలు మూడు పాలకు అరుస్తున్నాయి. బొల్లిని మోకాళ్ల మధ్య పట్టుకున్నాను. నేను ఇటు వచ్చేటప్పుడు అమ్మ తోలిచ్చిన బొల్లి గొర్రే. దాని పాలు పిండి ఒక పిల్ల వీపుకు రాశాను, తన వాసనే అనుకుని తన్నకుండా ఉంటుందని. మన నాయన చేసినట్టే. రెండుసార్లు విదిలించుకుని మూడోసారి నిలబడింది.

అప్పుడే నీ మేనల్లుడు శీను ఫోను పట్టుకుని వచ్చాడు. చచ్చిన గొర్రెల సంగతి విని ఇక్కడి పశువుల డాక్టరమ్మ మందలో పదింటికి రక్తం తీసుకుపోయింది కదా, ఆ ఫలితం వచ్చింది.

"అమ్మా, బొల్లి రక్తంల యాంటీబాడీలు ఉన్నయట. తొమ్మిదింటికి లెవ్వు, దీనికొక్కదానికే. కరోనా టీకా ఏసుకున్నోళ్ల లెక్క. ఇగ దీనికి ఆ రెండింటిని సంపిన రోగం రాదు."

మీ బావ దడి వదలకుండానే, "అమ్మమ్మ ఇచ్చిన గొర్రెరా అది, గట్లనే ఉంటది" అన్నాడు.

నేను బొల్లి నుదుటికి పసుపు పెట్టి దండం పెట్టుకున్నాను. దాని బలం పాలలో దిగుతుందనుకున్నాను. డాక్టరమ్మ సెలవులో ఉంది, అడగడానికి లేదు. ఆ రోజు నుంచి మూడు పిల్లలూ బొల్లి కిందే తాగాయి. వాటిలో మంచివని ఏరి, రెండు ఆడ గొర్రెపిల్లల్ని పది రోజుల కింద శీనుతో నీకు పంపాను.

మిగతా విశేషాలు పెద్దగా లేవు. వానలు బాగానే ఉన్నాయి, అడవి అంచున పచ్చిక ఉంది. పక్క గూడెం ఆమె సాయంత్రాలు వచ్చి కూర్చుంటుంది. ఆమె మాట నాకు సగం, నా మాట ఆమెకు సగం. అయినా పొద్దు పోతుంది. జొన్నరొట్టె తినడం తగ్గింది, ఇక్కడ అందరూ అన్నమే. మీ బావ గొంగడి చినిగింది. కొత్తది నేయించి ఉంటే ఆయనతోనే పంపు.

నిన్న డాక్టరమ్మ వచ్చింది. బొల్లి కింద పిల్లను చూసి ఆగిపోయింది.

"ఇది దీని పిల్లనేనా?"

"కాదు మేడం. తల్లి లేనిది. దీని బలం వస్తదని తాపుతున్న."

ఆమె బోర్లించిన గంప మీద కూర్చుంది. "అమ్మా, టీకాకు వచ్చేది ఏరు, ఇది ఏరు. ఈ రోగం పేగుల కాడ ఉంటది. క్రిమి కణం లోపలికి జొరబడి దాక్కుంటది. మొదట్ల ఒళ్లు దాన్ని అక్కడనే పట్టి ఆపుతది. ఆ పట్టు సడలినంక రక్తంల యాంటీబాడీలు లేస్తయి. తోడేలు దొడ్లకు జొచ్చింది, మీరు దడి బయట కర్రలు వట్టుకొని నిలబడ్డరు. ఏం లాభం? బలిసి కనవడ్డా సరే, ఇప్పుడు దీని పెంటల, పాలల్ల క్రిమి పోతుండొచ్చు."

శీను మొహం నల్లబడింది. "మరి పిల్లలకు రక్తం జూస్తే తెలుస్తదా మేడం?"

"ఇప్పుడే తెల్వది. లోపల ఉన్నా రక్తం ఏం జెప్పది, ఏండ్లు పడ్తది. మంచిగుందని కాగితం వచ్చినా నమ్మకు. దీనికి మందు లేదు."

ఇంకో మాట కూడా చెప్పింది. దాన్ని రాయాలా వద్దా అని ప్రార్థన చేసుకున్నాను, రాస్తున్నాను. ఈ రోగం ఎక్కువగా పాలు తాగే వయసులోనే అంటుతుందట, ఏండ్లకు గానీ బయట పడదట. బొల్లి తాను పిల్లగా ఉన్నప్పుడు పాలు తాగింది మీ దొడ్లోనే. కాబట్టి నేను పంపిన పిల్లల గురించే కాదు, నీ మందలో పెద్ద గొర్రెలన్నిటికీ పరీక్ష చేయించు. అమ్మ మీద కోపంతో రాయడం లేదు, అది ఆమెకు తెలియాలి.

ఈ సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. మొదట మీ బావ, "బలిసిన గొర్రె, అంగట్ల అమ్మేస్తే ఎవ్వలకు ఎర్క?" అన్నాడు. మళ్లీ ఆయనే, "వద్దులే, ఇంకొకని దొడ్లకు పోతది" అన్నాడు.

మంగళవారం డాక్టరమ్మ వచ్చి బొల్లికి ఆఖరి సూది వేస్తుంది. దొడ్డి వెనక లోతుగా గుంత తీసి, సున్నం పోసి పూడుస్తాం. ఇక్కడి పిల్లను మందకు దూరంగా పెంచుతాం, పిల్లలు తీయడానికి ఉంచం. నీ దగ్గరున్న రెండింటినీ మీ బావ ట్రాలీ ఆటోలో వెనక్కి తెస్తాడు. అవి నిలిచిన చోట పెంట గీకెయ్యి, చిన్న గొర్రెపిల్లల్ని అటు పోనివ్వకు. ఈ ఏడు ఎవరి చేలోనూ పెంట కోసం మంద ఆపం.

అమ్మకు బొల్లిని చిరుత పట్టుకుపోయిందని చెబుదామన్నాడు శీను. వద్దన్నాను. ఈ ఉత్తరం ఆమె దగ్గర కూర్చుని చదువు, ఏదీ దాటెయ్యకు. ఇక ఈ రోగం మీ నుంచి మాకు వచ్చిందా, మా నుంచి మీకు పోయిందా అని ఏ ఇంట్లోనూ అడగొద్దని మీ బావ అన్నాడు. సరేనని ముగ్గురం లేచాం.

మల్లన్న మీ దొడ్డిని కాపాడాలి.

మీ అక్క,
సరోజన