పండగ టోకెన్

కె.జి.ఎఫ్.,
గురువారం

చిరంజీవి నయనకు అప్ప ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, మీ అమ్మ మోకాలినొప్పీ ముగ్గురమూ క్షేమం. ఢిల్లీ చలిలో నువ్వూ బాగున్నావని నమ్ముతున్నాం. స్వెటర్ అందిందని రాశావు గానీ వేసుకుంటున్నావో లేదో రాయలేదు. మీ అమ్మ అడగమంది.

పొద్దున పూట మంచు దట్టంగా పడుతోంది. బంగారం తీసేసిన రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బలూ తెలుపే, మంచూ తెలుపే. దిబ్బ ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. మధ్యాహ్నం అన్నం తిని వరండాలో కూర్చుంటే కళ్ళు మూతపడతాయి. గని మూసేసి ఇన్నేళ్ళయినా అప్పుడు షిఫ్టు సైరన్ సంగు ఊదినట్టే వినిపిస్తుంది. టోకెన్ల బోర్డు కనిపిస్తుంది. ఇత్తడి బిళ్ళలన్నీ మెరుస్తుంటాయి, ఒక్క కొక్కెం మాత్రం ఖాళీ. ఉలిక్కిపడి లేస్తే మీ అమ్మ "ఇంగా డ్యూటీలోనే ఉండావా?" అని నవ్వుతుంది.

ఇక నీ ప్రశ్న. సముద్రం అవతల ఒక దేశంలో, కొలిచే దేవుడి కారణంగా కొందరిని ఇళ్ళలోంచి తరిమేస్తున్నారనీ, వాళ్ళ తిండికీ గూడుకూ మన సర్కారు డబ్బు ఇవ్వాలా వద్దా అని నిన్ను నోటు రాయమన్నారనీ చెప్పావు. వాళ్ళది ఏ దేవుడో నువ్వు రాయలేదు. నేనూ అడగను.

"మన జనానికే దిక్కులేదు, వాళ్ళకెందుకు" అని మీ ఆఫీసరు అన్నాడట. ఆ మాట తీసిపారేసేది కాదమ్మా. వానొస్తే మన లైన్ ఇళ్ళ రేకులు కారుతాయి. ఇక్కడి పిల్లలు తెల్లారకముందే బెంగళూరు రైలుకు వేలాడుతూ పోతున్నారు. మీ అమ్మ కూడా "మనకేం చేసినారని పరాయోళ్ళకు చేస్తారు?" అంది. అయినా నేను ఇవ్వాలనే అంటాను. మా షాఫ్టులో రాయి కూలితే పక్క షాఫ్టు వాళ్ళు తాళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళ రేకులూ కారేవే. ఇల్లు బాగుచేసుకుని వస్తామని ఎవడూ అనలేదు.

ఇక నీ రెండో ప్రశ్న. అలా ఇల్లు పోయినవాళ్ళను దాచిపెట్టినందుకు తామూ దెబ్బలు తిన్న ఇళ్ళు నలభై ఉన్నాయన్నావు. వాళ్ళది వేరే మతం కాబట్టి జాబితాలోకి రారన్నావు. "వివరాలు అందలేదు" అని ఒక్క ముక్క రాసేయమని పైవాళ్ళు అంటున్నారు, వివరాలేమో నీ దగ్గరే ఉన్నాయి. ఉన్నవి ఉన్నట్టు రాస్తే నీ ఉద్యోగం ఏమవుతుందోనని భయం. "నువ్వైతే ఏం చేస్తావప్పా?" అని అడిగావు. నేనేం చేశానో చెబుతాను. ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు.

అప్పట్లో నేను గని కిటికీలో కూర్చుని టోకెన్లు ఇచ్చేవాణ్ణి. దిగేవాడు తన నంబరు బిళ్ళ తీసుకుంటాడు, పైకొచ్చి తిరిగి ఇస్తాడు. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి లోపలే ఉన్నాడని అర్థం. మన గోపాలప్ప మామకు ఆరోగ్యసామి అని స్నేహితుడుండేవాడు, తెలుసు కదా. పండగకు సెలవు దొరకదు కాబట్టి వేలాంకణ్ణి మాత పండగనాడు ఆరోగ్యసామి బదులు అతని టోకెన్‌తో గోపాలప్ప దిగేవాడు. గంగమ్మ జాతరనాడు గోపాలప్ప టోకెన్‌తో ఆరోగ్యసామి దిగేవాడు. పండగ టోకెన్ అనేవాళ్ళం. కంపెనీకి తెలిస్తే వాళ్ళిద్దరి పనీ పోతుంది, తెలిసి ఇచ్చిన నా పనీ పోతుంది.

ఒక ఏడు మాత పండగనాడు బర్స్ట్ అయింది. లోతున రాయి పేలి, పైన మన ఇళ్ళలో గిన్నెలు దొర్లాయి. దిగినవాళ్ళంతా పైకొచ్చారు, 417 కొక్కెం మాత్రం ఖాళీ. గని ఆఫీసరు రిజిస్టరు తెరిచి ఆరోగ్యసామి పేరు చదివాడు. "వాడు చర్చికాడ ఉండాడు సార్, ఇప్పుడే చూసినాను" అన్నారెవరో. ఆఫీసరు నావైపు తిరిగి, ఈ నంబరు ఇవాళ దిగిందా అని అడిగాడు. ఆ బిళ్ళ గోపాలప్ప చేతిలో పెట్టింది నేనే. నువ్వు అప్పుడు మీ అమ్మ కడుపులో ఏడో నెల. "గుర్తు లేదు సార్" అన్నాను.

వెతకడానికి గనిలోకి దించే కేజ్ ఎక్కి గంట కొట్టినవాళ్ళు నా మాట విని, బిళ్ళ ఆరోగ్యసామి ఇంట్లోనే ఉండుంటుందనుకుని కేజ్‌లోంచి బయటికొచ్చేశారు. రెండు గంటలు గడిచాయి. ఆరోగ్యసామి కొత్త చొక్కాతో పరిగెత్తుకొచ్చి కిటికీ మీద బాదాడు. "నా టోకెన్‌తో గోపాలప్ప దిగినాడు సార్! నా పని తీసేయండి, వాణ్ణి పైకి తీయండి!" అని అరిచాడు. ప్రాణంతోనే తీశారు. ఎడమకాలు దక్కలేదు. ఇంకాస్త ముందు తెచ్చుంటే దక్కేదని డాక్టరు అన్నాడు. నేను భయపడ్డ శిక్ష ఎవరికీ పడలేదు, ఆ హడావిడిలో ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బొరుగులు తినిపించిన మామ కాలు నావల్లే పోయింది తల్లీ.

నీ ఉత్తరం చదివాక నిన్న సాయంత్రం గోపాలప్ప ఇంటికి పోయి అంతా చెప్పాను. ఏడ్చాను కూడా. వాడు కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టాడు.

"నాకు తెలీదా పాండూ? కిటికీ కాడ బిళ్ళ ఇచ్చింది నువ్వే కదా. ఎప్పుడు చెప్తావో అని ముప్పై ఏండ్లుగా చూస్తా ఉండాను. తాగు, చల్లారిపోతా ఉండాది."

దిబ్బ మీది తెల్లధూళి గాలికి లేచి మెల్లగా వీధిలోకి వస్తోంది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. మళ్ళీ వాడే అడిగాడు.

"పాప కాడ ఆ నలభై ఇండ్ల పేర్లు ఉండాయా?"

"ఉండాయి."

"అయితే రాయమను. తెలిసుండీ గుర్తు లేదనొద్దని చెప్పు. ఆ పొద్దు కేజ్ గంట నాకు లోపలికి వినిపించింది పాండూ. వస్తా ఉండారు అనుకున్నాను. మళ్ళా ఆగిపోయింది."

సోమవారం నోటు ఇవ్వాలన్నావు కాబట్టి దీన్ని ఇప్పుడే స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. స్వెటర్ వేసుకో.

ఇట్లు,
అన్నీ గుర్తున్న
నీ అప్ప,
పాండు