మిరపతొడిమల పెరుగు

బిట్రగుంట, రైల్వే కాలనీ

ప్రియమైన అక్కకు చెల్లెలు రూతు వందనాలు. కోట ఊళ్ళో అమ్మ, బావగారు, పిల్లలు అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను. ఇక్కడ మేమూ బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ మరిదికి విషజ్వరం వచ్చిందని పోయిన కార్డులో రాసినాను కదా. మందుపొడి నింపిన గొట్టం మాత్రలతో జ్వరం దిగింది. కడుపు మాత్రం నిలవలేదు. రోజుకు పదిసార్లు విరేచనాలు. ఇంజన్ల షెడ్డులో బొగ్గు గంపలెత్తిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే ఎత్తి కూర్చోబెడుతున్నాను.

రైల్వే డాక్టరుగారు చూసి, "జ్వరం క్రిములతోపాటు కడుపులో మేలుచేసే క్రిములు కూడా ఆ మందుకు చచ్చిపోయినాయమ్మా. పెరుగులో అట్లాంటివి ప్రాణంతో ఉంటాయి. తాజా పెరుగు చిలికి మజ్జిగ పట్టు. కాచవద్దు, కాస్తే అవి చస్తాయి" అని చెప్పినారు. పెరుగులో ప్రాణం ఉంటుందని నాకేం తెలుసక్కా? మనింట్లో గేదె ఉన్నన్నాళ్ళూ చలవని తిన్నామంతే.

పాలామె చెంబెడు పాలు పోసింది గాని తోడు ఎక్కడిది? వచ్చి ఏడాదైనా ఈ కాలనీలో నాకు మనవాళ్ళనే వాళ్ళు లేరు. పక్కింటి మంగమ్మను తోడు అడిగితే తలుపు సగమే తీసి, "మీ ఇంటి గిన్నె ముట్టుకోను. మాకు పిల్లలుండారు" అనింది. ఆమెను తప్పుపట్టలేను. పచ్చిమిరపకాయల తొడిమలు గోరువెచ్చని పాలలో వెయ్యమని చివరికి పాలామే చెప్పింది. మొదటిరోజు విరిగిపోయింది. రెండోరోజు నీళ్ళగా ఉండింది. దాన్నే తోడు వేస్తే మూడోరోజుకు గడ్డగా తోడుకుంది. గిన్నె పట్టుకుని ఏడ్చినాను.

ఆయన నాలుగురోజులు తాగినాడు. విరేచనాలు రెండుకు తగ్గినాయి. "రూతూ, రవ్వంత అన్నం కలిపి పెట్టు" అన్నాడు. తింటూ తింటూ, లీవు దొరికితే కోట పోదామన్నాడు.

మొన్న జ్వరం తిరగబెట్టింది. నిన్న విరేచనంలో నెత్తురు పడింది. డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచి, "పేగుకు పుండు పడిందమ్మా. మజ్జిగతో అది మానదు. పట్టణానికి తీసుకుపోదామంటే అతని ఒంట్లో ఓపిక లేదు" అన్నారు.

"ఆ మజ్జిగ ముందే పట్టి ఉంటే ఇంతదూరం వచ్చేదా?" అని అడిగినాను. డాక్టరుగారు నొప్పికి మాత్రలు నా చేతిలో పెట్టి పోయినారు.

ఈయనకు ఇవేవీ చెప్పలేదు. మంచం పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. "బాగున్నానని రాయి మీ అక్కకు" అంటే తలూపినాను.

అమ్మకు మెల్లగా చెప్పు. నువ్వు రాగలిగితే మొదటి బండికే రా. బావగారికి, సంఘంలో పెద్దలకు నా వందనాలు. ఆయన బతకాలని ప్రార్థన చెయ్యమని అడిగే ధైర్యం నాకు లేదక్కా. నొప్పి తెలియకుండా ఉండాలని మాత్రం అందరూ మోకరించండి.

నీ చెల్లెలు,
రూతు