వానలో కదలనివాళ్లు

అమ్మా, నేను కులాసా. జ్వరం తగ్గింది, కంగారుపడి బయల్దేరకు.

ఇక్కడ వారంగా ముసురు. "వాన ఫొటో అంటే చినుకులు కాదమ్మాయ్, చూసినవాడికి దిగులు పుట్టాలి" అని మా స్టూడియో ఓనరు ప్రాణం తీస్తున్నాడు. దిగులు ఏ మీట నొక్కితే పడుతుందో నాకేం తెలుసు? నిన్న మేడమీది కిటికీలో కెమెరాను స్టాండుకి బిగించి, షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాను. అలా తీస్తే నడిచేవాళ్లెవరూ ఫొటోలో పడరు, కదలనివే మిగులుతాయి. వీధిలో అందరివీ పరుగులే. నిలబడ్డవాళ్లు ఒక్కరూ లేరు, నా కళ్లతో చూశాను.

ఫిల్ము కడిగి చూస్తే రోడ్డంతా ఖాళీ. ఎదురు గేటు దగ్గర మాత్రం ఒకాయన గొడుగు వేసుకుని, నా కిటికీ వైపే తిరిగి నిలబడి ఉన్నాడు. మొహం కనబడదు. నల్ల గొడుగు మీద తెల్లదారం మాసిక మాత్రం కుట్టు కుట్టూ తెలుస్తోంది. "ఇదీ దిగులంటే!" అని ఓనరు మురిసిపోయి ఫ్రేము కట్టించాడు. నేనటు చూడటం మానేశాను.

నా ఉన్ని శాలువా పంపు. తమ్ముడు కళ్లజోడు మార్పించుకున్నాడా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? నానమ్మకు నమస్కారాలు, తమ్ముడికి దీవెనలు.

కార్డు అంచున ఇంకాస్త చోటుంది. వానొస్తే బడి గేటు దగ్గర నాన్న అలాగే కదలకుండా నిలబడేవారు కదా! ఆయన పోయాక ఎవరూ ముట్టని ఆ గొడుగు, నల్లదారం లేక నువ్వు తెల్లదారంతో కుట్టినది, తలుపు వెనక మేకుకే ఉందా? ఉంటే, తడిగా ఉందేమో ముట్టుకుని చూసి వెంటనే రాయి.