అమ్మ వెనుక ఏముంది

ప్రియమైన అన్నకు,

నువ్వు బస్సుల పంపిన హార్డ్ డిస్క్ హుజూర్‌నగర్‌కు అందింది. తెరిచి చూస్తే నా పెండ్లి వీడియో బదులు స్క్రీన్ నిండ రంగురంగుల పట్టీలు! ఎన్నిసార్లు చెప్పాలె? ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలు ఒక్కటే కాపీ చేస్తే వీడియోలు దాని వెంట రావు. ముందు ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్లకు పోగు చెయ్యాలె. నార్కట్‌పల్లిలో నీ స్టూడియో విడిచి నేను అత్తగారింటికి వచ్చి నెల కాలేదు, అన్నీ మరిచినవా?

టైటిళ్లు మాత్రం చేసిన. నీ సిస్టంల తెలుగు ఒత్తులు విరిగి పక్కకు పడితే, టెక్స్ట్ సెట్టింగుల దక్షిణాసియా భాషలది ఎంచుకొని సాఫ్ట్‌వేర్ మూసి తెరువు. సక్కగైతయి.

ఇంకో పని. పుస్తె కట్టేటప్పుడు నా బాసింగం జారితే అమ్మ వెనుక నుంచి ముడి పట్టుకొని నిలబడ్డది కదా. ఆ సీన్ల అమ్మను తీసెయ్. మనిషి కనబడొద్దు, చెయ్యి కూడ కనబడొద్దు. ఆదివారం మా ఇంట్ల చుట్టాలంతా వీడియో చూస్తరు. ఎందుకని అడగకు.

నీ చెల్లె,
స్నేహలత

---

ప్రియమైన చెల్లెకు,

ప్రియమైన అని రాయాలంటే చెయ్యి వస్తలేదు.

ఎందుకు అడగొద్దు? నాయిన పోయినంక గొర్ల వెంట తిరిగి మనల్ని సాదిన మనిషిని తీసెయ్యమంటవా? మొగడు లేనిది పుస్తె కాడ నిలబడొద్దని నీ అత్త అన్నది, అంతే కదా? పెండ్లినాడు ఆమె మొఖం మాడ్చుకొని కూసున్నప్పుడే అనుకున్న. ఆమె చెప్పుడు, నువ్వు తలూపుడు! గింత తొందరగ అటు దిక్కు అయిపోయినవా?

అయినా ఆ పని కాదు. ప్రివ్యూ కదుల్తలేదు. మొత్తం వీడియో బయటికి తీద్దామని రెండర్ పెడితే సరిగ్గ ఆ సీను కాడికి వచ్చి ఆగిపోతాంది. నా సిస్టంకున్న సిగ్గు నీకు లేదు.

మల్లేశ్

---

అన్నకు,

నాకే కతలు చెప్తున్నవా? ఫోన్ చేస్తే కట్ చేస్తున్నవు, అందుకే మళ్ల హార్డ్ డిస్క్ డబ్బాల కాయితం పెడుతున్న.

ప్రివ్యూ కదలకపోతే సాఫ్ట్‌వేర్ దాచిపెట్టుకున్న క్యాష్ ఫైళ్లు ఖాళీ చెయ్, రిజల్యూషన్ సగానికి దించు. రెండర్ ఒకే జాగాల ఆగుతున్నదంటే అక్కడ ఎవరో ఫోన్ల తీసిన ముక్క అతికించినవన్నట్టు. ఫోన్ వీడియోల ఫ్రేముల వేగం నిలకడగ ఉండదు. దాన్ని ముందు ఒకే వేగానికి మార్చుకొని తర్వాత పెట్టు. అప్పటికీ ఆగితే వీడియో లెక్క కాకుండ విడి బొమ్మల లెక్క రెండర్ చెయ్, ఆగిన కాడి నుంచే మళ్ల మొదలుపెట్టొచ్చు. ఇవన్నీ నాకు నేర్పింది నువ్వే కదా, ఇప్పుడు నాతోనే తెల్వనట్టు మాట్లాడుతవా?

మా అత్తమ్మను ఇంకొక్క మాట అన్నవో, ఊకోను.

స్నేహలత

---

స్నేహలతా,

క్యాష్ ఖాళీ చేసిన. ఫోన్ ముక్క మార్చిన. రెండర్ ఆగుతలేదు. సంతోషమేనా?

కానీ కత్తిరించి తీసెయ్యనీకి స్క్రీన్ మీద అమ్మ చుట్టూ గీత గీసుకుంట కూసుంటే కడుపు మండిపోతాంది. ఆదివారం నేనే వస్తున్న. టీవీ పెట్టకముందే నీ అత్తను పదిమందిల నిలబెట్టి అడుగుత. "మా అమ్మ చెయ్యి తగిలితే మీ కోడలు కరిగిపోతదా?" అని. ఏమైతదో కానీ!

మల్లేశ్

---

అన్నా,

నీ కాల్మొక్త, కొట్లాటకు రాకు. అత్తమ్మకు ఏమీ తెల్వదు. "మీ అమ్మ పట్టుకోకుంటే బాసింగం నా కొడుకు మీద పడుతుండె" అని నవ్విందే ఆమె. ఆనాడు మొఖం మాడ్చుకున్నది పన్నునొప్పికి.

తీసెయ్యమన్నది అమ్మనే.

పెండ్లయినంక గోపమ్మ పెద్దమ్మ అమ్మను పక్కకు గుంజి, "మొగడు లేనిదానివి, పుస్తె కాడ చెయ్యెట్ల పెట్టినవే? రేపు పిల్లకు ఏమన్నయితే?" అన్నదట. అప్పటిసంది అమ్మకు అన్నం పోతలేదు. ఫోన్ల ఒకటే ఏడుపు. "నన్ను తీసెయ్యమను బిడ్డా. వీడియోల ఉంటే ఏండ్లకేండ్లు చూస్తరు. అన్నకు మాత్రం చెప్పకు, వాడు గోపమ్మ ఇంటి మీదికి పోతడు" అన్నది.

ఆ సీను ఫోన్ల తీసిన ముక్క ఒకటి నా కాడ కూడ ఉన్నది, నేనే తీద్దామని కూసున్న. అమ్మ వేళ్ల కాడికి వచ్చేసరికి నాతోని కాలేదు. అందుకే నీ మీద పడ్డ, నీ తిట్లు పడ్డ. నాకు గోపమ్మ పెద్దమ్మ మీద కోపం, అమ్మ మీద కోపం, నా మీద కోపం. ఇగ ఏం చేస్తవో చెయ్.

నీ స్నేహ

---

ప్రియమైన చెల్లెకు,

నీ కాయితం చదివి చెప్పులేసుకొని గోపమ్మ ఇంటికే బయలెల్లిన. అమ్మ గడపల అడ్డం నిలబడ్డది. ఇద్దరం వాడకంత వినబడేటట్టు ఒర్లుకున్నం. ఆఖరికి చెయ్యి పట్టి స్టూడియోకు తీసుకపోయి స్క్రీన్ ముందట కూసోబెట్టిన.

"తీసెయ్, గమ్మున తీసెయ్" అన్నది.

"నిన్ను తీస్తే అక్కడ బొక్క పడ్తదమ్మా. నీ వెనుక ఏమున్నదో దాంతోని నింపాలె. నువ్వు లేని ఫ్రేము ఒక్కటన్న ఉంటే అందులకెల్లి తెచ్చి అతికిస్త" అన్న.

"ఉంటది. దేవులాడు."

ఇద్దరం కూసోని పక్క కెమెరాది మొత్తం చూసినం. నువ్వు పీట మీద కూసోకముందే అమ్మ ఆ పందిరి గుంజ కాడ నిలబడ్డది. నువ్వు పీట మీదికెల్లి లేచినంక కూడ అక్కడనే, కింద పడ్డ పూలు ఏరుతాంది. నువ్వు లేని ఫ్రేములున్నయి చెల్లే. అమ్మ లేని ఫ్రేము లేదు. ఈసారి కత చెప్తలేను, ఒట్టు.

"గింతసేపు నిలబడ్డనా నేను?" అన్నది. మళ్ల నా మీదనే లేచింది. "గొర్లమ్మి కొనిచ్చిన డబ్బా, దీనికి గింత పని రాదా?"

రాదన్న. పుస్తె కట్టే జాగా పెద్దగ చేసి మెల్లగ తిప్పి చూపిన. బాసింగం దారం ఊడి వేలాడుతాంది, అమ్మ వేళ్లు దాన్ని ఒడిసిపట్టినయి. చానసేపు చూసింది.

"పట్టకుంటే పడుతుండె" అన్నది. "ఉండనీ. గోపమ్మ చూస్తే చూడనీ."

ఇంటికి వచ్చి అన్నం తిన్నది.

సీను ముట్టకుంట పంపుతున్న. ఫైళ్లన్నీ పోగు చేసిన, మళ్ల తిట్టకు. అత్తమ్మను నేనన్న మాటలు నీ కడుపులనే పెట్టుకో. ఆదివారం అమ్మను తోలుకొని వస్తున్న. టీవీ ముందట ఆమెకు కుర్చీ వెయ్యి, వెనుక నిలబడనియ్యకు.

నీ అన్న,
మల్లేశ్