బాపట్ల వెళ్లగానే పలచబడే జెల్

జూన్ 9, 2025, సోమవారం. తెనాలి

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడం మానేశాక నేను ఇంటి లెక్కలు తప్ప ఏమీ రాయలేదు. ఈ రోజు రాయడానికి కారణం, ఇంట్లో ఎవరితోనూ అనలేని అనుమానం ఒకటి ఉంది. కాగితం మీద పెడితే అది నిలబడుతుందో లేదో తెలుస్తుంది.

నా మనవరాలు ఉషశ్రీ పెరటి షెడ్డులో హెయిర్ జెల్ తయారు చేస్తుంది. కాచి చల్లార్చిన కలబంద రసం, నీళ్లు, చిక్కదనానికి హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్. పేరు పొడుగు, చూడడానికి మైదాపిండి. చల్లటి నీళ్లలో జల్లెడతో కొద్దికొద్దిగా చల్లుతూ తిప్పాలి. తొందరపడి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. చాలాసేపు నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. తరువాత నెమ్మదిగా బిగుస్తాయి. చివరికి చెంచా గుచ్చితే నిలబడుతుంది.

స్టీలు గంగాళంలో చేసిన జెల్ కొంత ఇక్కడే సీసాల్లో పోస్తాం. మిగతాది ప్లాస్టిక్ డ్రమ్ముల్లో బాపట్ల వెళుతుంది. అక్కడ సీసాలు నింపి హాస్టళ్లకీ సెలూన్లకీ ఇచ్చేది పూర్ణచంద్ర. ఉష క్లాస్‌మేట్. వ్యాపారంలో సగం అతనిది. జీవితంలో కూడా సగం కావాలని ఇద్దరికీ ఉంది. నాకెవరూ చెప్పలేదు. నాకు కళ్లున్నాయి.

జెల్ నీళ్లలా ఉందని బాపట్ల సీసాలు మళ్లీ వెనక్కి వచ్చాయి. గాజుపలక మీద రెండు చుక్కలు వేసి వాల్చాను. తెనాలిలో నింపిన చుక్క కదలలేదు. బాపట్లలో నింపింది అంచు దాకా జారి నా చీర మీద పడింది.

ఒకే గంగాళం. ఇక్కడ చిక్కన, అక్కడ పలచన. మధ్యలో ఉన్నది ఒక్క మనిషి.

జూన్ 10

నీళ్లు కలిపితే సీసాలు ఎక్కువ వస్తాయి. ఇంతకన్నా కారణం ఏం కావాలి?

జూన్ 12, గురువారం

ఉషతో అనేశాను. అతను అలాంటివాడు కాదంది. ఎలాంటివాడో గాజుపలక చెబుతోంది అన్నాను. ఆదివారం తానే వెళ్లి అడుగుతానని, అప్పటిదాకా ఆగమని బతిమాలింది.

నేను ఆగలేదు. అతని తల్లి హనుమాయమ్మకి ఫోన్ చేశాను. చీరాలలో మగ్గం నేసి నేసి, నడుము పట్టేశాక బాపట్లలో కొడుకు దగ్గరకి వచ్చిన మనిషి. మీవాడు సరుకులో నీళ్లు కలుపుతున్నాడు, మందలించండి అన్నాను. ఆవిడ అంది:

"మా ఇంట్లో గంజి పలచనైతే పోగు తెగుద్దండి. పలచన చెయ్యటం మావాడికి మేం నేర్పలా."

ఫోన్ పెట్టేసింది. మధ్యాహ్నం నుంచి వరండాలో తిరుగుతూనే ఉన్నాను. కూర్చుంటే ఆ మాట వినిపిస్తోంది.

జూన్ 13

పూర్ణచంద్ర వచ్చాడు. చెప్పులు మెట్ల కిందే విడిచాడు. బాపట్ల గది తాళంచెవి నా కుర్చీ చేతి మీద పెట్టాడు.

"మామ్మగారూ, మా అమ్మకి చెప్పేముందు నన్నోసారి అడిగుంటే బావుండేదండి."

"అడిగితే ఏం చెప్పేవాడివి?"

"కలపలేదని చెప్పేవాణ్ణండి."

అందరూ అదే చెబుతారు అన్నాను. అతను తల ఊపి వెళ్లిపోయాడు. ఉష లోపలి గదిలోంచి అంతా విన్నది. బయటకు రాలేదు.

జూన్ 16

ఉష నాతో మాట్లాడడం లేదు. అన్నం వడ్డిస్తుంది. పచ్చడి కావాలంటే గిన్నె నా వైపు జరుపుతుంది. అంతే.

జూన్ 19, గురువారం

పూర్ణచంద్ర ఒకటో తారీఖున రొయ్యల మేత కంపెనీలో చేరుతున్నాడట. ఉష ఎవరికో ఫోన్లో చెబుతుంటే విన్నాను. షెడ్డు మూసేస్తానని కూడా అంది. పొడి సంచులు తిరిగి తీసుకుంటారేమో కనుక్కుంటోంది. ఆ గొంతులో ఏడుపు లేదు. అది నాకు నచ్చలేదు.

సాయంత్రం షెడ్డు తెరిచాను. బాపట్ల పంపవలసిన డ్రమ్ము ఒకటి గొడవ జరిగిన నాటి నుంచి అక్కడే ఆగిపోయింది. బాపట్ల గది తాళంచెవి నా బొడ్లోనే ఉంది. మూత తీసి గరిటె ముంచాను.

నీళ్లు. కలబంద వాసన వేసే నీళ్లు.

పూర్ణచంద్ర చెయ్యి పడని జెల్ ఇది. బాపట్ల ముఖం చూడని జెల్.

అదే గంగాళంలో చేసి సీసాల్లో పోసింది అరమీద చిక్కగా ఉంది. డ్రమ్ములో పోసింది ఇలా ఉంది. ఉష మొదట్లో కొత్త డ్రమ్ములు కొందామంది. రేపల్లెలో మా తమ్ముడు ప్రకాశరావు బట్టల యూనిట్‌లో ఖాళీవి పడి ఉంటే కొత్తవెందుకు, నీళ్లు పోసి తొలిపితే చాలు అన్నది నేను.

జూన్ 20. రేపల్లె స్టేషన్

పొద్దున పాసింజర్‌లో వచ్చాను. డ్రమ్ములు తిరిగిచ్చేద్దామని వచ్చావా అక్కయ్యా అని తమ్ముడు నవ్వాడు. వాటిలో ఏం వచ్చేదని అడిగాను. వాషింగ్ మెషిన్ల దగ్గరకి తీసుకెళ్లాడు. లోపల కాటన్ టీషర్టులు తిరుగుతున్నాయి.

"ఎంజైమ్ అక్కయ్యా. గుడ్డ మీద నూగుంటది గదా, దాన్ని తినేసిద్ది. నున్నగా వచ్చిద్ది."

"గుడ్డని తినదా?"

"టైముకి బాగా మరిగిన నీళ్లు పోసి ఆపకపోతే గుడ్డనీ తినేసిద్ది."

నూగు పత్తి. పత్తి సెల్యులోజ్. నీళ్లలో కరిగేలా కొంచెం మార్చిన సెల్యులోజే మా పొడి. డ్రమ్ముల్లో మిగిలిన ఎంజైమ్ దాన్నీ తినేస్తుంది. ఈ గొలుసు బోర్డు మీద వేసి ఎన్ని బ్యాచ్‌ల ఆడపిల్లలకి చెప్పానో. ఒక్కసారి డ్రమ్ము మీద లేబుల్ చదివి ఉంటే సరిపోయేది. అంత బద్ధకం ఎవరైనా స్టూడెంట్ చూపిస్తే బయట నిలబెట్టేదాన్ని.

తమ్ముడు కాఫీ తాగమన్నా తాగకుండా వచ్చేశాను. రైలు రావడానికి ఇంకా చాలా టైముంది.

జూన్ 21

పరీక్ష చెయ్యకుండా ఒకసారి తీర్పు చెప్పాను. రెండోసారి చెప్పను. డ్రమ్ము తొలిపిన నీళ్లు రెండు భాగాలు చేశాను. ఒకటి పచ్చిగానే ఉంచాను. రెండోది, ఎంజైమ్ ఉంటే చచ్చేలా, మరిగించి చల్లార్చాను. అరమీది చిక్కటి జెల్ రెండు గాజు సీసాల్లో సమంగా పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం అంతే కొలతలో కలిపాను.

జూన్ 22

ఇంకా పెద్ద తేడా లేదు. వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా సీసాలు వంచి చూస్తున్నాను. పప్పు మాడింది.

జూన్ 23, సోమవారం

పచ్చి నీళ్ల సీసా వంచితే పాలలాగా ఒలికింది. మరిగించిన నీళ్ల సీసా తలకిందులు చేసినా కదలలేదు.

ఉష గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంటి నానమ్మా అవి?"

ఇన్ని రోజులకి మాట్లాడింది. ఏం లేదు అన్నాను. తను వెళ్లిపోయాక ఆ రెండు మాటలు వెనక్కి తీసుకోవాలనిపించింది. లేవలేకపోయాను.

జూన్ 24

జరగవలసినవి:

1. డ్రమ్ములన్నీ కోయించాలి. తమ్ముడికి తిరిగి ఇవ్వకూడదు. వాటిలో ఎవరూ నీళ్లు పట్టుకోకూడదు.
2. గంగాళం, గరిటెలు, గొట్టాలు మరిగే నీళ్లతో కడగాలి. దగ్గరుండి.
3. కొత్త డ్రమ్ములు. మొదట్లో ఉష చూపించిన రకమే.
4. బాపట్ల వెళ్లాలి. ఫోన్ కాదు. రెండు సీసాలూ, ఆ తాళంచెవీ తీసుకెళ్లాలి.
5. ముందు హనుమాయమ్మగారితో మాట్లాడాలి. కూర్చోమంటే కూర్చోవాలి. అనకపోతే నిలబడే చెప్పాలి.
6. పూర్ణచంద్రని అడగాలి. కలిపావా అని కాదు. తిరిగి వస్తావా అని. రానంటే ఎదురు చెప్పకూడదు.
7. ఉషకి చెప్పాలి.

ఏడోది ఒకటో నంబరుకి మార్చాలి. తను పెరట్లో బట్టలు ఆరేస్తోంది.