వాకిలి తడి

హిందూపురం, బుధవారం

అక్కా, ముందే చెబుతున్నాను, నేను బాగున్నాను. ఫోన్లో నీకు వినిపించదు కాబట్టి కార్డు రాస్తున్నాను.

మొన్న పొద్దున్నే బాత్‌రూమ్‌లో జారిపడి లేవలేకపోయాను. కాపాడింది మా వీధి ఓబులమ్మవ్వ. ఎనభై ఆరేళ్లు, చూపు లేదు. ఈ వీధిలో ఒంటిగా ఉండే ముసలివాళ్లం ఐదుగురం. అవ్వ రోజూ చెప్పుల్లేకుండా గోడ పట్టుకుని నడుస్తూ, మా వాకిళ్లలో నీళ్లు చల్లామో లేదో పాదాలతో చూస్తుంది. కళ్లున్న మాకెవరికీ తట్టని పని! ఆ రోజు నా వాకిలి పొడిగా తగిలింది. "నరసమ్మ వాకిలి తడి కాలేదు, రాండప్పా!" అని వీధంతా లేపింది. తలుపు పగలగొట్టి ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఎముక విరగలేదు.

నేను మంచం దిగేదాకా పక్కింటావిడ నా వాకిట్లో నీళ్లు చల్లుతానంటే అవ్వ కేకలేసింది. "వేరేవాళ్లు చల్లితే ఇది బతికుండాదో లేదో నాకెట్ల తెలుస్తాది?" ఇప్పుడు పొద్దున్నే నా కిటికీ దగ్గర నిలబడి, నేను పలికేదాకా పిలుస్తోంది.

ఉలవలు అయిపోయాయి, ఎవరైనా వస్తుంటే రెండు కేజీలు పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మనవళ్లు నిన్ను చూడ్డానికి వస్తే నా దీవెనలు చెప్పు.

కొత్తచెరువులో నువ్వూ ఒక్కదానివే. పొద్దున నీ వాకిలి చూసేదెవరు? ఆ మనిషి పేరు రాయి.

నీ చెల్లెలు
నరసమ్మ