యోయో దారం

చందూర్

అన్నకు,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. బాపు పోయాక మూసిన పెట్టె మొన్న తెరిస్తే నీ ఎర్ర యోయో దొరికింది. బోధన్ ఫ్యాక్టరీ గేటు ముందు, చెరుకు బండ్ల వరుసలో మనం రోజంతా ఆడిందే. "బండ్లు కదిలినయ్ రా, ఆ బిల్ల జేబుల వెట్టుండ్రి" అని బాపు అరిచేవాడు.

ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టాను. రోజూ పొలం నుంచి వచ్చాక కాసేపు ఆడుతున్నాను. పాత దారం చివికిపోయింది. పసుపు బస్తాలు కుట్టే దారం తీసుకుని, బస్తా మూతికి వేసినట్టే బిల్ల మధ్య ఇరుసుకు గట్టిగా ముడేశాను. కిందికి విసిరితే వెంటనే చేతికి వచ్చేస్తోంది. నీ చేతిలోనైతే బాపు పది లెక్కపెట్టేదాకా కిందనే ఆగి తిరిగేది.

"మీ అన్ననే అడుగరాదు, ఇంత పంతమేంది?" అంది నీ మరదలు.

మూతపడ్డ ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారు, చెరుకు ఉంచమన్నావు. నేను తీసేసి పసుపు పెట్టాను. అది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. నిన్ను అడగకపోవడం మాత్రం తప్పే. నాలుగేళ్లుగా నువ్వు ఈ గడప తొక్కలేదు.

ఆ దారం ఎలా కట్టేవాడివో రాసి పంపకు. కాగితం మీద నాకు అర్థం కాదు. ఇందల్వాయి నుంచి ఒక పూట వచ్చి కట్టి చూపించు. నేను వేసిన ముడి విప్పేసి ఉంచాను.

నీ తమ్ముడు